పొలమారిన గుక్క: ఆసుపత్రిలో పెద్దలకు వచ్చు న్యుమోనియా

అన్నము తినుచుండగా పొలమారినచో "ఎవరో తలచుకొంటున్నరు" అని నెత్తిమీద తట్టి నీళ్ళ గ్లాసు అందించుట మన ఇండ్లలో అందరికిని తెలిసినదే. ఆరోగ్యముగా ఉన్న మనిషికి అది రెండు దగ్గులతో పోవును. కాని ఆసుపత్రి మంచము మీద వెల్లకిల పడుకొనియున్న డెబ్బది ఏండ్ల మనిషికి అదే పొలమారుట ప్రాణము మీదికి రావచ్చును. దగ్గి బయటకు నెట్టు బలము లేనందున మెతుకు గాని, గుక్కెడు పాలు గాని, నోటిలోని ఉమ్మి గాని ఊపిరితిత్తులలోనికి జారి, అక్కడ చీము పుట్టించును. దీనినే వైద్యులు ఆస్పిరేషన్ న్యుమోనియా అందురు.

నూలు ధర, రంగులు, కూలి, సంఘము లెక్కలు వ్రాయు పత్రికలో ఆసుపత్రి సంగతి ఎందుకని పాఠకులు అడుగవచ్చును. మన దేశపు ఆసుపత్రులలో రోగికి సూది వేయునది నర్సు. అన్నము తినిపించునది మాత్రము ఇంటివారు. మగ్గము దిగి వచ్చిన కొడుకో, కండెలు చుట్టుట మాని వచ్చిన కోడలో మంచము పక్కన కూర్చుండి చెంచా పట్టుకొందురు. ఈ జబ్బు రాకుండ కాపాడుటలో పెద్ద భాగము ఆ చెంచా పట్టిన చేతిలో ఉన్నది. ఆ సంగతి తెలియక మేము ఒక పెద్దమనిషిని పోగొట్టుకొన్నాము. అందుకే ఈ వ్యాసము.

కోర్పనా నుండి ఆసుపత్రికి

కోర్పనా చంద్రపూర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దు దగ్గరనున్న తాలూకా కేంద్రము. రాజురా పక్కనున్న ఈ నేల ఒకప్పుడు హైదరాబాదు రాజ్యములో ఆదిలాబాదు జిల్లాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు రాజురా తాలూకా నాందేడ్ జిల్లాలో చేరి, 1959లో చాందా జిల్లాకు మారినది. ఆ చాందాయే నేటి చంద్రపూర్. అందువలన ఇక్కడి మన కుటుంబములలో ఇంటి మాట తెలుగు, బడి మాట, కచేరి మాట మరాఠీ. పెండ్లి సంబంధములు మాత్రము నేటికిని ఇరువైపుల సాగుచున్నవి.

చిన్న జబ్బు అయినచో దగ్గరి ఆసుపత్రిలోనే చూపించుకొందుము. పెద్ద జబ్బు వచ్చినచో గడ్‌చాందూర్, రాజురా మీదుగా వార్ధా నది దాటి చంద్రపూర్ పోవుదుము. అక్కడ 2015లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. కొందరు బేల మీదుగా ఆదిలాబాదు పోవుదురు. అక్కడి రిమ్స్ 2008లో మొదలైనది. ఇంకను పెద్ద కష్టమైనచో నాగపూర్ పోవుదుము. ఎక్కడికి పోయినను రోగి వెంట ఇద్దరు ముగ్గురు వంతులవారీగా ఉందురు. ఒకరు పోవుదురు, ఒకరు వత్తురు. మాట చేయి మారునపుడు జారిపోవును. మా విషయములో జరిగినది అదే.

మేము చూచినది

కొన్ని ఏండ్ల క్రిందట మా బంధువులలో ఒక పెద్దాయనకు తెల్లవారుజామున ఎడమ కాలు, ఎడమ చేయి పడిపోయినవి. అప్పటికి ఆయనకు 70 దాటినవి. చిన్ననాటి నుండి మగ్గము గుంటలో కూర్చున్న మనిషి. ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చినాము. మొదటి దినముననే నర్సు మరాఠీలో నోటితో ఏమియు ఇవ్వవద్దని చెప్పినది. విన్నవాడు చిన్న కొడుకు. మరునాడు అతడు డబ్బు తెచ్చుటకు ఇంటికి పోయినాడు. అతని వంతునకు వచ్చినవారు ఆదిలాబాదు పక్క బంధువులు. వారికి మరాఠీ రాదు. మంచము దగ్గర కాగితము ఏదియు వ్రేలాడగట్టి లేదు.

మూడవ దినము సాయంకాలమునకు పెద్దాయన కొంచెము తేరుకొన్నాడు. మనుషులను గుర్తుపట్టినాడు. "నోరు ఎండుతున్నది" అన్నాడు. ఆ మాట విని అందరి ప్రాణము లేచి వచ్చినది. "మామా, జర రెండు బుక్కలు పాలు తాగు, పానం కుదుటపడ్తది" అని కోడలు పడుకొన్న మనిషి నోటిలో చెంచాతో పాలు పోసినది. నాలుగవ చెంచాకు సన్నగా దగ్గినాడు. మేము నెత్తిమీద తట్టినాము. తరువాత మాట్లాడునపుడు గొంతులో గరగర వినిపించినది. దానిని ఎవరమును లెక్కపెట్టలేదు. గిన్నె ఖాళీ అయినదని సంతోషించినాము.

ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. ఏదేదో కలవరించినాడు. తెల్లవారుసరికి ఊపిరి గబగబ ఆడుచున్నది. ఒళ్ళు పెద్దగా కాలలేదు. ఎక్స్‌రే తీసి, కుడి ఊపిరితిత్తి క్రింది భాగములో న్యుమోనియా అన్నారు. మందులు ఇచ్చినారు, ప్రాణవాయువు పెట్టినారు. తొమ్మిది దినములకు ఆయన పోయినాడు.

ఆ నాలుగు చెంచాల పాలే చంపినవని ఎవరును రూఢిగా చెప్పలేరు. ఉమ్మి జారినను అదే జబ్బు రావచ్చును. వైద్యులు మమ్ములను ఒక్క మాట అనలేదు. ఆ కోడలిని మేమును అనలేదు. పక్కన నిలిచి చూచినవారము మేమే గదా. ప్రేమతోనే పోసినది. కాని తెలిసియుండినచో పోయనిచ్చెడివారము కాము.

గొంతులో జరుగు పని

గొంతులో రెండు దారులు ఉన్నవి. ముందున్నది ఊపిరి దారి, వెనుకనున్నది అన్నము దారి. నోటి నుండి వచ్చునది ఏదైనను ఊపిరి దారి ద్వారము మీదుగానే వెనుకకు పోవలెను. అందువలన మింగు క్షణములో ఊపిరి ఆగును, గొంతుక పైకి లేచును, ఊపిరి గొట్టము మీద మూత వాలును. ముద్ద దాటగానే మూత లేచి ఊపిరి మరల ఆడును. ఇదంతయు ఒక్క క్షణము పని.

మగ్గము మీద పడుగు విచ్చుకొన్నపుడే నాడె పోవలెను. కాలు అరక్షణము ఆలస్యమైనచో నాడె పడుగులో చిక్కి పోగులు తెగును. మింగుటయు అట్టిదే. పక్షవాతముతోనో, ముసలితనముతోనో, మత్తు మందుతోనో గొంతు కండరములు అరక్షణము ఆలస్యమైనచో గుక్క ఊపిరి దారి పట్టును. నీరు పలుచన గనుక అందరికంటె ముందు అదే జారును. మెత్తని ముద్ద మింగగలిగినవాడు కూడ నీటికి పొలమారుట అందుకే.

ఆరోగ్యవంతులలో కూడ సుమారు సగము మందికి నిద్రలో కొంచెము ఉమ్మి ఊపిరితిత్తులలోనికి జారుచుండునని పరీక్షలలో తేలినది. అయినను వారికి జబ్బు రాదు. దగ్గు దానిని నెట్టివేయును, ఒంటిలోని బలము మిగిలిన సూక్ష్మజీవులను చంపును. ముసలివారిలో దగ్గు బలము తగ్గును, ఒంటి బలము తగ్గును, నోటిలో సూక్ష్మజీవులు పెరుగును. ఈ మూడును కూడినప్పుడు జబ్బు పుట్టును. కుడి వైపు గొట్టము ఎడమ దాని కంటె వెడల్పుగను నిలువుగను ఉండుటచేత కుడి ఊపిరితిత్తికే ఎక్కువగా దెబ్బ తగులును.

ఇంకొక మాట ముఖ్యము. దగ్గు రాలేదు గనుక లోపలికి పోలేదనుకొనరాదు. పక్షవాతము వచ్చినవారిలో చాలమందికి గొంతు స్పర్శ తెలియదు. గుక్క లోపలికి జారినను దగ్గు రాదు. పొలమారినవానికంటె పొలమారకుండ లోపలికి పోనిచ్చువాడే ఎక్కువ ప్రమాదములో ఉన్నాడు.

ఎవరికి ఎక్కువ భయము

పక్షవాతము వచ్చిన మొదటి దినములలో సుమారు సగము మందికి మింగుట సరిగా ఉండదు. వణుకు జబ్బు, ముదిరిన మతిమరుపు జబ్బు, తలకు దెబ్బ, గొంతు పుండ్లు గలవారికిని అంతే. నిద్రమాత్రలు, మత్తు కలిగించు మందులు, గట్టి నొప్పి మందులు వాడువారు మగతగా ఉండి సరిగా మింగలేరు. కొన్ని మందులు నోటిని ఎండబెట్టును. వాంతులు అగుచున్నవారు, ఛాతీలోనికి పులితేపులు ఎగదన్నువారు, చిక్కి శల్యమైనవారు, బీడీ త్రాగువారు, సారా మత్తులో ఉన్నవారు ఈ జాబితాలోనివారే. మందులను మనంతట మనము మానిపించరాదు. "ఈ మందుతో మగతగా ఉన్నాడు, తినిపించవచ్చునా?" అని డాక్టరును అడుగవలెను.

అమెరికాలో 189 మంది వృద్ధులను నాలుగేండ్ల వరకు గమనించి, ఎవరికి ఈ జబ్బు వచ్చుచున్నదో చూచి 1998లో ప్రకటించినారు. మింగుడు లోపము ఒక్కటే జబ్బు తెచ్చుట లేదని తేలినది. తన చేతితో తినలేక ఇతరులు తినిపించవలసినవారు, నోరు కడుగుటకు ఇతరుల మీద ఆధారపడినవారు, పుచ్చుపళ్ళు ఎక్కువగా ఉన్నవారు, గొట్టము ద్వారా ఆహారము పొందువారు, ఎక్కువ మందులు వాడువారు, పొగ త్రాగువారు ఎక్కువగా జబ్బుపడినారు. మనము తినిపించు తీరు, మనము నోరు కడుగు తీరు ఎంత ముఖ్యమో దీనివలన తెలియుచున్నది.

మొదట నోరు కడుగవలెను

ఊపిరితిత్తులలోనికి జారునది అన్నమే కానక్కరలేదు. దినమెల్ల ఊరు ఉమ్మి ఉన్నది. నోరు పాచిపట్టి యున్నచో ఆ ఉమ్మితో కోట్ల సూక్ష్మజీవులు లోపలికి పోవును. "ఏమియు తినుట లేదు గదా, పళ్ళు తోముట ఎందుకు" అని మనవారు అందురు. అది పొరపాటు. తినని నోరే ఎక్కువగా పాచిపట్టును.

జపాను దేశములో 11 వృద్ధాశ్రమములలోని 366 మందిని రెండేండ్లు గమనించి 1999లో ప్రకటించినారు. కొందరికి ప్రతి భోజనము తరువాత పళ్ళు తోమించి, వారమునకొకసారి దంతవైద్యుల చేత నోరు శుభ్రము చేయించినారు. మిగిలినవారిని వారి అలవాటుకు వదలినారు. వదలినవారిలో నూటికి 19 మందికి, శుభ్రము చేయించినవారిలో నూటికి 11 మందికి న్యుమోనియా వచ్చినది. ఖరీదైన మందు ఒక్కటియు లేదు. బ్రష్షు, నీళ్ళు, ఓపిక, ఇంతే.

కావున ఆసుపత్రికి పోవునపుడు దుప్పటి, చెంబులతో పాటు మెత్తని బ్రష్షు ఒకటి తీసికొని పోవలెను. ఉదయము, రాత్రి, వీలైనచో భోజనము తరువాతను తోమవలెను. రోగిని కూర్చుండబెట్టి, లేదా పక్కకు తిప్పి, కొద్దిగా తడిపిన బ్రష్షుతో పళ్ళు, చిగుళ్ళు, నాలుక శుభ్రపరచి, కారిన నీటిని గుడ్డతో తుడువవలెను. మింగలేని మనిషి నోటిలో నీళ్ళు పోసి పుక్కిలించుమనరాదు. పళ్ళు లేనివారికి తడి గుడ్డ వ్రేలికి చుట్టి తుడువవలెను. పెట్టుడుపళ్ళు రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో ఉంచవలెను. 85 ఏండ్లు దాటిన జపాను వృద్ధులను పరిశీలించి 2015లో ప్రకటించిన దానినిబట్టి, పెట్టుడుపళ్ళతో నిద్రించువారికి న్యుమోనియా భయము సుమారు రెండింతలు.

మన ప్రాంతపు మాట ఒకటి. ఖర్రా అలవాటు గల పెద్దలు ఆసుపత్రిలో కూడ దవడలో దాచుకొందురు. చూడవచ్చినవారే చాటుగా ఇత్తురు. మగతలో ఉన్న మనిషి దవడలోని పోకచెక్క తునకలు, పొగాకు ఎక్కడికి జారునో చెప్పనక్కరలేదు. సిగ్గుపడక వ్రేలికి గుడ్డ చుట్టి తీసివేయవలెను.

తినిపించు పద్ధతి

మొదటి చెంచాకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: "మింగుడు చూచినారా?" పక్షవాతము వచ్చినవారికి నీళ్ళతో సహా ఏదియు ఇవ్వకముందు మింగు శక్తిని పరీక్షించుట నేటి వైద్యపద్ధతి. అమెరికాలో 15 ఆసుపత్రులను పోల్చి 2005లో ప్రకటించిన లెక్కలలో, ఈ పరీక్షకు నియమము ఉన్న ఆసుపత్రులలో పక్షవాత రోగులలో నూటికి 2.4 మందికి, నియమము లేనిచోట 5.4 మందికి న్యుమోనియా వచ్చినది. మింగుడు నేర్పు ప్రత్యేక నిపుణులు చిన్న ఆసుపత్రులలో ఉండరు. అయినను డాక్టరో, శిక్షణ పొందిన నర్సో చూడగలరు. మనమే గుక్కెడు నీళ్ళు పోసి పరీక్ష చేయరాదు.

తినిపించవచ్చునని వారు చెప్పిన తరువాత ఈ క్రమము పాటించవలెను.

1. రోగి పూర్తిగా మేలుకొని, పిలిచినచో పలుకుచున్నపుడే తినిపించవలెను. మగతలో ఉన్నచో ఆ పూట ఆగవలెను. ఒక పూట తిండి తప్పినందున కలుగు నష్టము తక్కువ.

2. నిటారుగా కూర్చుండబెట్టవలెను. మంచము లేవనిదైనచో వీపు వెనుక మడచిన బొంతలు, దుప్పట్లు పెట్టవలెను. కుర్చీలో కూర్చోగలిగినచో కుర్చీయే మేలు. తల వెనుకకు వాల్చరాదు. తల వాల్చి పోయుట అనగా ఊపిరి దారి తెరచి పోయుటయే. తినిపించువారు నిలుచుండక ఎదుట కూర్చుండినచో రోగి తల పైకెత్తనక్కర ఉండదు.

3. చిన్న చెంచా వాడవలెను. సగము చెంచా చాలును. మింగినాడని గొంతుక కదలికను చూచి, నోరు తెరిపించి, ఖాళీ అయిన తరువాతనే రెండవ చెంచా పెట్టవలెను. ఒక వైపు చచ్చుబడినచో బాగున్న దవడ వైపు ముద్ద పెట్టవలెను. చచ్చుబడిన దవడలో మిగిలినది ఎప్పటికప్పుడు తీయవలెను.

4. నోటిలో ముద్ద ఉండగా మాట్లాడించరాదు. చూడవచ్చినవారు పలుకరించునది భోజనమైన తరువాతనే.

5. ఏది పెట్టవలెనో వైద్యులు చెప్పినట్లే పెట్టవలెను. సాధారణముగా మెత్తగా, ఒకే తీరుగా, ముద్ద కట్టునది మేలు. మెత్తగా మెదిపిన పప్పన్నము అట్టిది. నీళ్ళు, మెతుకులు విడివిడిగా ఉన్న పలుచని మజ్జిగన్నము కష్టము. నీరు ముందు జారును, మెతుకు వెనుక నిలుచును. అటుకులు, మరమరాలు, పల్లీలు, ఎండు జొన్నరొట్టె, చాయలో ముంచిన బిస్కట్టు వద్దు. నీటిని చిక్కపరచి ఇచ్చుట కొందరికి మేలు చేయును. కాని అట్లు ఇచ్చినచో కొందరు త్రాగుట తగ్గించి, ఒంటిలో నీరు తగ్గి నీరసింతురు. కావున అది వైద్యుల నిర్ణయము. మాత్రలు నూరి ఇవ్వవచ్చునా లేదా అనునదియు అడిగియే చేయవలెను. నూరకూడని మాత్రలు ఉన్నవి.

6. తిన్న తరువాత కనీసము అరగంట, వీలైనచో గంట సేపు కూర్చుండబెట్టవలెను. వెంటనే పడుకోబెట్టినచో కడుపులోనిది ఎగదన్ని గొంతులోనికి వచ్చును.

7. దగ్గు వచ్చినచో, గొంతు గరగరలాడినచో, ఊపిరి వేగమైనచో, కన్నీరు కారినచో ఆపవలెను. "ఇంక రెండే బుక్కలు" అనరాదు. గిన్నె ఖాళీ చేయించుట మన ఘనత కాదు. నర్సుకు చెప్పవలెను.

ముక్కు గొట్టము, ఆపరేషను

ముక్కు ద్వారా కడుపులోనికి గొట్టము వేసినచో ఇక భయము లేదని చాలమంది అనుకొందురు. అది సరికాదు. గొట్టము ఆహారమును కడుపునకు చేర్చును. ఉమ్మి జారుటను, కడుపులోనిది ఎగదన్నుటను ఆపదు. ప్రతిసారి ఆహారము పోయుటకు ముందు గొట్టము కడుపులోనే ఉన్నదో లేదో నర్సు చూడవలెను. దగ్గులోనో, రోగి చేయి తగిలియో గొట్టము జరిగినచో మనము లోపలికి తోయరాదు, ఏదియు పోయరాదు. పోయునపుడును, తరువాత గంట సేపును మంచము తలవైపు ఎత్తుగా ఉండవలెను. అనగా పూర్తిగా నిటారునకు మూడవ వంతు నుండి సగము వరకు. గొట్టము ఉన్నవారికిని నోరు తోమవలెను.

తల ఎత్తుగా ఉంచుట ఎంత మేలో 1999లో బార్సిలోనా నగరములో తెలిసినది. యంత్రము ద్వారా ఊపిరి తీయుచున్న 86 మంది రోగులలో కొందరిని వెల్లకిల, కొందరిని తల ఎత్తుగా పడుకోబెట్టినారు. వెల్లకిల ఉన్నవారిలో నూటికి 34 మందికి, తల ఎత్తుగా ఉన్నవారిలో నూటికి 8 మందికి న్యుమోనియా లక్షణములు కనిపించినవి. ఆ రోగులు వేరు, మన వార్డు రోగులు వేరు. కాని కడుపులోనిది వెనుకకు వచ్చు దారి ఇద్దరికిని ఒకటే. వెన్నెముకకు, తుంటికి దెబ్బ తగిలినవారి విషయములో మాత్రము అడుగక తల ఎత్తరాదు.

ఆపరేషనుకు ముందు ఉపవాసము ఉంచుటకును కారణము ఇదియే. మత్తు ఇచ్చినప్పుడు దగ్గు పనిచేయదు. కడుపులో ఏమున్నను ఊపిరి దారి పట్టవచ్చును. కడుపులోని పులుపు నీరు ఊపిరితిత్తులను కాల్చు తీరును మెండెల్సన్ అను అమెరికా వైద్యుడు కాన్పు స్త్రీల విషయములో 1946లోనే వివరించినాడు. అందుకే గట్టి ఆహారమునకు కనీసము 6 గంటలు, మంచినీటికి 2 గంటలు ఆగవలెనన్న నియమము ఏర్పడినది. పాలు, పాలు కలిపిన చాయ నీటి లెక్కలోనివి కావు. "పాపం, పొద్దటి నుంచి ఏమీ తినలే" అని చాటుగా చాయ త్రాగించినవారు ఆ సంగతి దాచరాదు. వెంటనే చెప్పినచో ఆపరేషను కొంత సేపు వాయిదా పడును. దాచినచో ప్రాణమే పోవచ్చును.

గుర్తులు

పడుచువారికి న్యుమోనియా వచ్చినచో జ్వరము, దగ్గు, కఫము కనిపించును. పెద్దలలో అవి లేకయే రావచ్చును. అకస్మాత్తుగా మాట తడబడుట, కలవరించుట, నిద్రమత్తు పెరుగుట, తిండి వద్దనుట, ఊపిరి వేగమగుట అట్టి గుర్తులు. ఛాతీ లేచి పడుటను గడియారము చూచి ఒక నిమిషము లెక్కించుట ఎవరికైనను చేతనగును. రోగి ఊరకనే ఉండగా నిమిషమునకు 25కు మించినచో వెంటనే చెప్పవలెను. "ముసలితనము, అట్లే కలవరించును" అని ఊరకుండుటయే మేము చేసిన రెండవ తప్పు. ఇంటికి వచ్చిన తరువాత ఈ గుర్తులు కనిపించినచో 108 నంబరుకు ఫోను చేయవలెను.

స్పృహ లేనివానికి, మూర్ఛ వచ్చినవానికి ఎట్టి పరిస్థితిలోను నోటిలో నీళ్ళు పోయరాదు. ఊపిరి ఆడుచున్నచో పక్కకు తిప్పి పడుకోబెట్టినచో నోటిలోనిది బయటకు కారిపోవును.

మరాఠీ మాటలు, మంచము దగ్గర కాగితము

సరిహద్దుకు అవతల నుండి వచ్చు బంధువులకు ఈ మాటలు నేర్పవలెను. "తోండానే కాహీ దేఊ నకా" అనగా నోటితో ఏమియు ఇవ్వవద్దు. "ఉపాశీ ఠేవా" అనగా ఏమియు పెట్టక ఉంచండి. "బసవూన్ భరవా" అనగా కూర్చుండబెట్టి తినిపించండి. మనము చెప్పవలసినవి: "గిళతా యేత్ నాహీ" అనగా మింగలేకున్నాడు, "ఠసకా లాగతో" అనగా పొలమారుచున్నది, "ధాప్ లాగతే" అనగా ఆయాసపడుచున్నాడు.

నర్సు ఏమి చెప్పినను ఒక కాగితము మీద పెద్ద అక్షరములతో తెలుగులోను మరాఠీలోను వ్రాసి మంచము తలవైపు కట్టవలెను. నోటితో ఇవ్వవచ్చునా, ఏది ఇవ్వవచ్చును, చివర ఎప్పుడు తినిపించినారు, ఎప్పుడు నోరు తోమినారు, ఈ నాలుగు చాలును. వంతు మారునపుడు క్రొత్తవారికి దానిని చదివి వినిపించి పోవలెను. సగము నేసిన బట్టను ఇంకొకరికి అప్పగించునపుడు ఎన్ని గజములైనది, ఎక్కడ పోగు తెగినది చెప్పకుండ దిగుదుమా? మనిషిని అప్పగించునపుడు అంతకంటె శ్రద్ధ ఉండవలెను గదా.

ఆసుపత్రికి పోకముందే చేయదగినవి కొన్ని ఉన్నవి. పుచ్చిన పళ్ళు తీయించుకొనుట, బీడీ, ఖర్రా మానుట, పెద్దలకు ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా సంగతి డాక్టరును అడుగుట అట్టివి. మంచాన పడినవారిని వైద్యులు అనుమతించిన వెంటనే కూర్చుండబెట్టి, నాలుగడుగులు వేయించినచో ఊపిరితిత్తులు విచ్చుకొనును.

చివరి దినములలో

మతిమరుపు జబ్బు బాగా ముదిరినవారు, చివరి దినములలో ఉన్నవారు మింగలేకపోవుట సహజము. అట్టివారికి గొట్టము వేసినందువలన ఈ న్యుమోనియా తప్పునని రుజువు కాలేదు. కూర్చుండబెట్టి, ఇష్టపడినంత, కొద్దికొద్దిగా చేతితో తినిపించుటయే మేలని నేటి వైద్యులు అనేకులు చెప్పుచున్నారు. ఇది డాక్టరుతో కూర్చుండి నెమ్మదిగా మాట్లాడుకొనవలసిన విషయము. తులసితీర్థము పోయవలెనను కోరిక ఉన్నచో దూదిని తడిపి, పిండి, పెదవులకు అద్దినచో చాలును. పెద్దలకు చల్లదనము తెలియును, మన మనస్సునకు తృప్తి కలుగును, గొంతులోనికి ఏదియు జారదు.

ఆ పెద్దాయన మగ్గము మీద సగము నేసిన చీర చాల దినములు అట్లే ఉన్నది. తరువాత చిన్న కొడుకు పూర్తి చేసినాడు. నిరుడు ఆ ఇంటి అవ్వ తుంటి విరిగి ఆసుపత్రిలో చేరినప్పుడు, ఆనాడు పాలు పోసిన కోడలే మంచము తలవైపు కాగితము కట్టినది. డాక్టరును అడిగి వీపు వెనుక బొంతలు పెట్టి కూర్చుండబెట్టినది. చూడవచ్చినవారు పండ్లు, బిస్కట్లు అందించబోయినచో "ముందు అడిగి పెడ్త, మీరు ఆ సంచిల పెట్టున్రి" అన్నది. ఉదయము, రాత్రి అవ్వ పళ్ళు తోమినది. అవ్వ ఇరువది దినములకు చేతికర్ర పట్టుకొని ఇంటికి వచ్చినది.

ఈ సంచికను చదివినవారు చదువలేని పెద్దలకు, ముఖ్యముగా ఇంటిలో రోగులకు తినిపించు స్త్రీలకు చదివి వినిపించవలెనని కోరుచున్నాము. మేము ఆలస్యముగా తెలిసికొన్నది వారికి సకాలములో తెలియవలెను.